కంబర్మియరు కాటనులు – కోనసీమ

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కోనసీమలో సర్ ఆర్థర్ థామస్ కాటను పేరెఱుఁగనివారు అరుదు. గోదావరీ డెల్టా గ్రామములందుఁ బెక్కుచోట్ల నాతని విగ్రహములు నిలిచియున్నవి. స్నానవేళ నాతనినిఁ గూడ స్మరించు శ్లోకమొకటి యీ సీమ వైదికులలో వాడుకయందున్నది. అయితే సంకల్పమునఁ దన్నుఁ జెప్పుకొను గృహస్థుఁడు మొదట గోత్రమును, పిదప నామమును ఉచ్చరించును. కాటనునకు నామమే కాని గోత్రము వినఁబడదు. ఆతని వంశ మెట్టిది, అందలివారు ఏయే వృత్తుల నవలంబించిరి, ఆ వంశమునకును కోనసీమ నీటికిని గల సంబంధ మెంత యనునవి మన దేశమున బహుజనవిదితములు కావు. వానిని గ్రమముగా నిచటఁ బరిశీలింపవలసియున్నది.

ఈ పరిశీలనమునకు వ్యాకరణశాస్త్ర మొక చక్కని దారి చూపుచున్నది. పాణిని సంఖ్యావాచకములకు వంశ్యవాచకములతో సమాసమును విధించెను. అచట వంశమనఁగా నేమని ప్రశ్నించుకొని, వ్యాఖ్యాతలు వంశము రెండు తెఱఁగులని తేల్చిరి. జన్మముచే నేర్పడునది యొకటి. విద్యచే నేర్పడునది రెండవది. పాణిని కాత్యాయన పతంజలులకు రక్తసంబంధము లేదు. అయినను వ్యాకరణము 'త్రిముని' యని వ్యవహరింపఁబడుచున్నది. గురుశిష్యపరంపరయు వంశమే యని శాస్త్రకారుల యభిప్రాయము. కాటనునకు నీ రెండు వంశములును గలవు. మొదటిది ఇంగ్లండు గ్రంథములలో వ్రాయఁబడి యున్నది. రెండవది కావేరీ గోదావరుల యిసుకలో వ్రాయఁబడినది.

ఆంగ్లేయుల వంశవ్యవస్థ

జన్మవంశమును జెప్పుటకు ముందు ఆంగ్లప్రభువుల వ్యవస్థను సంగ్రహముగాఁ దెలిసికొనవలెను. ఆ దేశమున ప్రభుపదవులు అయిదు: డ్యూకు, మార్క్విస్, ఎర్ల్, వైకౌంటు, బేరన్. వీరే పార్లమెంటులోని ప్రభువుల సభకు వంశపరంపరగా నర్హులై యుండిరి. 1999 నాఁటి చట్టముతో వారిలోఁ బెక్కండ్రకు నా యర్హత పోయినది. ఈ యయిదింటికి దిగువను బేరొనెట్ అను పదవి గలదు. దీనిని 1611లో మొదటి జేమ్సు రాజు నెలకొల్పెను. బేరొనెట్ పేరునకు ముందు 'సర్' అను గౌరవశబ్దము నిలుచును. పదవి తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. కాని ప్రభువుల సభలో స్థానము లేదు. ఈ కుటుంబముల వంశవృక్షములను డెబ్రెట్, బర్క్ అనువారి పేరఁ బరఁగు గ్రంథములు లెక్కపెట్టుచు వచ్చినవి. బర్క్ గ్రంథము మొదటిసారి 1826లో వెలువడెను.

ఈ వ్యవస్థకు మూలస్తంభము జ్యేష్ఠాధికారము. పదవియు, భూమియు, మహాగృహమును పెద్దకొడుకునకే చెందును. తక్కిన కొడుకులు గౌరవముగాఁ బెంపఁబడి, చదువు చెప్పింపఁబడి, పిదపఁ దమ బ్రదుకుఁదెరువును దామే వెదకికొనవలసి యుండెను. వారికి సామాన్యముగా నున్న మార్గములు సైన్యము, నౌకాదళము, క్రైస్తవ మతాధికారము, న్యాయవాదము, తూర్పుఇండియా కంపెనీ కొలువు. వీలునామా లేనపుడు భూమి జ్యేష్ఠునకే చెందవలెనను న్యాయము ఇంగ్లండున 1925 నాఁటి చట్టముతోఁ గాని తొలఁగలేదు. పదవులు మాత్ర మిప్పటికిని జ్యేష్ఠక్రమముననే సాగుచున్నవి.

మన ధర్మశాస్త్రమున స్థితి వేఱు. కొడుకు పుట్టినతోడనే పైతృకద్రవ్యమున హక్కు గలవాఁడగునని మితాక్షరాకారుని సిద్ధాంతము. జ్యేష్ఠునకు ఉద్ధారభాగమను నధికాంశము స్మృతులలోఁ జెప్పఁబడినను, లోకము దానిని మెచ్చకుండుటచే నది యాచరణీయము గాదని విజ్ఞానేశ్వరుఁడే నిర్ణయించెను. కావుననే కోనసీమ మాన్యములును కొబ్బరితోఁటలును తరతరమునకు భాగములై చిన్నవగుచు వచ్చినవి. మన సంస్థానములలో మాత్రము జ్యేష్ఠక్రమము పాటింపఁబడెను. మదరాసు ప్రభుత్వము 1904లో నవిభాజ్యసంస్థానముల చట్టమును జేసి దానికి రక్షణ కల్పించెను. 1948 నాఁటి చట్టముచే నా సంస్థానములే రద్దయినవి.

వ్యాకరణమున నిట్టి జ్యేష్ఠప్రాధాన్యము ఛాయగాఁ గలదు. తండ్రి తాత మొదలగు పెద్దలు జీవించియుండఁగా మునిమనుమఁడు 'యువ' సంజ్ఞకుఁ బాత్రుఁడు. పెద్దలు గతించినను అన్న జీవించియున్నచోఁ దమ్మునకు నా సంజ్ఞయే నిలుచునని పాణిని వేఱుగా విధించెను. అన్న గార్గ్యుఁడైనచోఁ దమ్ముఁడు గార్గ్యాయణుఁడు. మన దేశమున నీ భేదము ప్రత్యయముతో ముగిసినది. ఇంగ్లండులో నది పొలమును, ఇంటిని, పదవిని నిర్ణయించెను. కాటనువంశచరిత్రమును జదువువారు ఈ యొక్క భేదమును మఱవరాదు; ఏలయన ఆర్థర్ కాటను పదవ కొడుకునకుఁ బదవ కొడుకు.

కంబర్మియరు గృహము

ఇంగ్లండున వాయవ్యభాగమందలి చెషైర్ మండలమున కంబర్మియరు అను మఠము గలదు. దానిని 1133లో సావిగ్నీ శాఖకుఁ జెందిన సన్న్యాసులకొఱకు నిర్మించిరి. నాలుగువందల యేండ్ల తరువాత ఎనిమిదవ హెన్రీ రాజు మఠముల నన్నిటిని రద్దుచేసి వాని భూములను రాజ్యవశము చేసికొనఁగా, 1538లో నీ మఠము మూతపడెను. మఱుసటియేఁట నా భూములు రాజసేవకుఁడగు సర్ జార్జి కాటనునకు దత్తమయ్యెను. కాటనుల గృహస్థజీవన మిట్లు సన్న్యాసుల మఠమున నారంభమయ్యెను. మఠభవనమే వారి నివాసమై, నేఁటికిని 'అబ్బే' యను పేరనే వ్యవహరింపఁబడుచున్నది.

1677లో, రెండవ ఛార్లెసు కాలమున, సర్ రాబర్టు కాటను మొదటి బేరొనెట్ అయ్యెను. ఈతని భార్య హెస్టర్ సాల్స్‌బరీ. ఆమె వేల్సు దేశమందలి లువెన్నీ సంస్థానమునకు వారసురాలు. వారి కుమారుఁడగు రెండవ బేరొనెట్ సర్ థామసు, జమైకా ద్వీపమునకు గవర్నరుగా నుండిన సర్ థామసు లించి కూఁతురగు ఫిలడెల్ఫియాను బెండ్లాడెను. అందుచే వీరి సంతానమునకు సాల్స్‌బరీ, లించి యను పేర్లు స్థిరపడెను. మూఁడవ బేరొనెట్ రాబర్టు సాల్స్‌బరీ కాటను; ఆతని తమ్ముఁడు నాలుగవ బేరొనెట్ లించి సాల్స్‌బరీ కాటను.

ఇచట నామవిచార మొకటి చేయఁదగినది. తల్లి పుట్టినింటి యింటిపేరు కొడుకునకు నామమగుట ఈ ప్రభువులలోఁ బరిపాటి. లించి యన్నచో జమైకా గవర్నరు, సాల్స్‌బరీ యన్నచో వేల్సు భూములు, ఇంకఁ జెప్పఁబోవు స్టేపుల్టన్ అన్నచో మఱియొక వారసురాలి పుట్టినిల్లు స్ఫురించును. మనకు ద్వ్యాముష్యాయణుఁడు రెండు గోత్రములను జెప్పుకొన్నట్లే, ఆంగ్లప్రభువు తన పేరులోనే మాతామహుని ఆస్తిని జెప్పుకొనును. వీరి నామములను విప్పి చదివిన వివాహములచేఁ గలిసివచ్చిన భూములజాబితా కానవచ్చును.

నాలుగవ బేరొనెట్ లించి కాలముననే, 1774లో, ఆంగ్లనిఘంటుకర్తయగు డాక్టరు శామ్యూల్ జాన్సను కంబర్మియరు గృహమునకు నతిథిగా వచ్చెను. ఆతనిఁ దోడ్కొనివచ్చిన హెస్టర్ థ్రేల్ అను విదుషి సర్ లించికి మేనకోడలు.

పెద్దకొడుకు శాఖ

సర్ లించికిఁ బెక్కండ్రు కొడుకులు. అందుఁ బెద్దవాఁడు రాబర్టు అయిదవ బేరొనెట్ అయ్యెను. స్టేపుల్టన్ వంశపు వారసురాలగు ఫ్రాన్సిసును బెండ్లాడి, 1773లోఁ బుట్టిన రెండవ కుమారునకు స్టేపుల్టన్ అని పేరిడెను. ఈతఁడే తరువాత కంబర్మియరు ప్రభువుగాఁ బ్రసిద్ధుఁడైన స్టేపుల్టన్ కాటను.

ఈతని సైన్యజీవనము ప్రభువంశ్యుల యున్నతికి మంచి యుదాహరణము. ఆనాఁడు రాజసైన్యమున అశ్విక, పదాతి దళములలో నధికారిపదవులను ద్రవ్యమిచ్చి కొనవచ్చును. ఈ యాచారము 1871లోఁ గాని తొలఁగలేదు. స్టేపుల్టన్ 1790లోఁ గొలువునఁ జేరి, 1794లో, ఇరువదియవయేఁటనే లెఫ్టినెంటు కర్నలయ్యెను. తన యశ్వికదళముతో మన దేశమునకు వచ్చి 1799లో శ్రీరంగపట్టణ ముట్టడిలోఁ బాల్గొనెను. అచటనే కర్నల్ ఆర్థర్ వెల్లెస్లీతోఁ బరిచయము గలిగెను. ఆ వెల్లెస్లీయే తరువాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. అన్న మరణింపఁగా స్టేపుల్టన్ వారసుఁడై స్వదేశమునకుఁ బోయి, 1809లో నాఱవ బేరొనెట్ అయ్యెను. స్పెయిను యుద్ధమున వెల్లింగ్టను క్రింద అశ్వికసేనకు నాయకుఁడై, 1812లో సలమాంకా యుద్ధమున నుపసేనానిగా నుండెను. ఆ రాత్రియే స్వపక్షమున నున్న పోర్చుగీసు కావలివాఁడు చీఁకటిలో గుర్తింపక కాల్చుటచే గాయపడెను. 1814లో బేరన్ పదవి లభించెను.

1825లో నీతఁడు భారతదేశమునకు సర్వసేనాధిపతిగా వచ్చెను. ఆనాఁడు భరత్‌పురమను జాట్ రాజ్యమున వారసత్వవివాదము రగులుచుండెను. బాలుఁడగు బల్వంతసింగు రాజ్యమును ఆతని జ్ఞాతియగు దుర్జనసాల్ అపహరించెను. 1805లో లేక్ సేనాని పలుమాఱు దాడిచేసియు సాధింపలేకపోయిన యా దుర్గమును, స్టేపుల్టన్ కాటను సొరంగములలో మందుఁగూర్చి గోడలు పేల్చి, 1826 జనవరి 18న వశపఱచుకొనెను. మఱుసటియేఁట నాతనికి వైకౌంటు పదవి వచ్చెను. ఆ బిరుదమునందు కంబర్మియరుతోఁ బాటు భరత్‌పురము పేరును జేర్పఁబడెను. 1855లో ఫీల్డుమార్షలై, 1865లో మరణించెను. వంశవృక్షములు వ్రాయువారి దృష్టిలోఁ గాటనుల కీర్తికి శిఖర మీతఁడే.

పదవకొడుకు శాఖ

సర్ లించి పదవ కుమారుఁడు హెన్రీ కాల్వీలీ కాటను. ఆతనికి మఠములోఁ గాని, బేరొనెట్ పదవిలోఁ గాని భాగము లేదు. ఆక్స్‌ఫర్డు మండలమందలి వుడ్‌కోటులో నివసించి, పెద్దకుటుంబమును బోషించెను. ఆతని కొడుకులలో నలువురి చరిత్రములు విశేషముగాఁ జెప్పఁదగినవి.

మొదట చెప్పవలసినవాఁడు సిడ్నీ జాన్ కాటను (1792–1874). ఈతఁడు రాజసైన్యమునఁ జేరి, ఆస్ట్రేలియాలోని మోర్టన్ బే యను ఖైదీల నివేశమునకు 1837 మొదలు రెండేండ్లు అధికారిగా నుండెను. 1857 సిపాయీల తిరుగుబాటునాఁడు పెషావరున సైన్యాధిపతి. మే నెలలోఁ దేశీయదళముల నాయుధములను లాగికొనుట, జూను 10న తిరుగుబాటు చేసిన 55వ దళపు సిపాయీలను 40 మందిని ఫిరంగుల మూతులకుఁ గట్టి పేల్చుట యాతని యాధిపత్యముననే జరిగెను. అందుకు వచ్చినవి బిరుదములు. తుదకు లండనులోని చెల్సీ సైనికశరణాలయమునకు గవర్నరై కాలము చేసెను.

రెండవవాఁడు రిచర్డు లించి కాటను (1794–1880). ఈతఁడు మతాధికారియై ఆక్స్‌ఫర్డులో వర్సెస్టర్ కళాశాలకు 1839 మొదలు మరణపర్యంతము ప్రధానాధ్యక్షుఁడుగాను, 1852–56 నడుమ విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగాను ఉండెను.

మూఁడవవాఁడు ఆర్థర్ థామస్ (1803–1899). నాలుగవవాఁడు ఆతని తమ్ముఁడు ఫ్రెడరిక్ కానియర్స్ (1807–1901). వీరిరువురును కంపెనీ మదరాసు ఇంజనీర్ల దళమునఁ జేరిరి. అన్నల వృత్తులలో నొకటి ఖడ్గము, వేఱొకటి గ్రంథము. ఈ తమ్ముల వృత్తి కొలబద్ద.

ఒక్క తల్లి కడుపునఁ బుట్టిన యీ సోదరులఁ బోల్చిచూచిన వంశమునకుఁ గల శక్తియు, దాని హద్దును తెలియవచ్చును. గౌరవస్థానమునకుఁ జేరు దారిని వంశమందఱకును జూపినది. ఆ స్థానమున నెవరేమి చేయుదురో మాత్రము చెప్పలేకపోయినది. ఒకఁడు పెషావరున మనుష్యులను ఫిరంగులకుఁ గట్టించెను. ఒకఁడు ధవళేశ్వరమున నదికిఁ గట్ట కట్టించెను. అదే వంశమునకుఁ జెందిన సర్ విలోబీ కాటను 1831–32లో జమైకా బానిసల తిరుగుబాటు నణఁచిన సేనానాయకుఁడని కూడ నిచట గుర్తుంచుకొనవలెను.

ఉన్నతవంశ్యుల సాయ మెంత?

ఆర్థర్ కాటను కార్యసిద్ధికి వంశబలమే కారణమని యెవరైన నూహింపవచ్చును. అందునఁ గొంత నిజము గలదు. కంపెనీ యిచ్చు కేడెట్ స్థానములు డైరెక్టర్ల చేతిలోని దానములు. వారికిఁ బరిచితమగు కుటుంబము లేనివాని కవి దుర్లభములు. ఆర్థర్ ఆడిస్కంబు సైనికవిద్యాలయమునఁ బదునైదవయేఁట, 1818లోఁ బ్రవేశించుటకుఁ బుట్టుక తోడ్పడియుండును. అయితే లోపలికిఁ బోయిన పిమ్మటఁ బుట్టుక పని తగ్గును. ఇంజనీర్ల దళమునఁ బదవులు కొనుటకు వీలులేదు. గణితమునఁ బరీక్ష నెగ్గి, ముందున్నవారి స్థానము లొక్కొక్కటి ఖాళీ యగువఱకు వేచియుండవలెను. పెదతండ్రి కుమారుఁడు ఇరువదియవయేఁటఁ బొందిన హోదాకు నీతఁడు నడివయస్సున గాని చేరలేదు. 1826లో నా జ్ఞాతి భరత్‌పురదుర్గమును గూల్చి కీర్తినొందుచుండఁగా, ఈతఁడు బర్మాయుద్ధమున నొక చిన్న యధికారి.

గోదావరి విషయమున నున్నతవంశ్యులు మువ్వురు ముఖ్యులు. 1832–33 నందననామ సంవత్సరపు క్షామమునకును, 1839 నాఁటి తుపానుప్పెనకును లోనై రాజమహేంద్రవర మండలము క్షీణించెను. 1821లో 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాఁటికి 5 లక్షల 61 వేలకుఁ దిగిపోయెను. శిస్తు పడిపోవుటచేఁ గలఁతపడిన ప్రభుత్వము సర్ హెన్రీ కానింగ్‌హాం మాంట్‌గమరీని విచారణకుఁ బంపెను. ఈతఁడు రెండవ బేరొనెట్. కాటను పుట్టిన 1803లోనే పుట్టినవాఁడు. 1844లో నీతఁడు వ్రాసిన నివేదికయే గోదావరీజలముల వినియోగమునకుఁ గాటనును నియోగింపవలెనని సూచించినది. అప్పుడు మదరాసు గవర్నరు ఎనిమిదవ మార్క్విస్ ఆఫ్ ట్వీడ్‌డేల్. స్పెయిను యుద్ధమున వెల్లింగ్టను క్రిందఁ బనిచేసినవాఁడు. వ్యవసాయమునందుఁ బ్రత్యేకాసక్తి గలవాఁడు. ఆతని కూఁతుండ్రలో నొకతె వెల్లింగ్టను కొడుకునకును, మఱియొకతె డల్హౌసీకిని భార్యలు. ఆ డల్హౌసీ 1848 మొదలు 1856 వఱకు గవర్నరు జనరలు. ఇట్లు కంబర్మియరు, వెల్లింగ్టను, ట్వీడ్‌డేల్, డల్హౌసీ కుటుంబములు కొలువుచేతఁ గొన్ని, వియ్యముచేతఁ గొన్ని పెనఁగొనియుండెను.

ఈ పెనఁగొనుటవలన నొక విన్నపము త్వరగాఁ బెద్దల చెవినిఁ బడియుండవచ్చును. కాని పనికి ద్రవ్యమిచ్చినవారు బంధువులు కారు. శిస్తునష్టమును లెక్కించి, పెట్టిన సొమ్ము తిరిగివచ్చునని నమ్మినపుడే డైరెక్టర్లు సమ్మతించిరి. ఆ సొమ్మునకు మూలము రైతుల శిస్తే; తిరిగి రావలసినదియు వారివద్దనుండియే. కావునఁ గోనసీమ నీరు ఆంగ్లప్రభువుల దానమనుట తగదు. లెక్కలు చూచుకొని వేసిన పెట్టుబడి యది. ఆ లెక్కలను నమ్మకముతో వేసి, విడువక వాదించి యొప్పించినది మాత్రము కాటను.

విద్యావంశము

ఇఁక రెండవ వంశము. కాటను 1821లో మదరాసు చేరెను. బర్మాయుద్ధానంతరము కావేరీపనులు ఆతనికి నప్పగింపఁబడెను. తిరుచిరాపల్లికి సమీపమున కావేరిపైఁ బురాతనమగు కల్లణై గలదు. దానిని గరికాలచోళుఁడు కట్టించెనని తమిళుల యైతిహ్యము. యూరపుదేశపు శాస్త్రము గట్టినేల దొరకువఱకుఁ ద్రవ్వి పునాది వేయవలెనని చెప్పును. కల్లణై యట్లు కట్టఁబడలేదు. నదీగర్భపు లోఁతైన యిసుకపై రాళ్లను గుమ్మరించి, అవి క్రుంగినకొలఁది మఱల మఱల వేసి, తుదకు నిలిచిన రాతికుప్పమీఁద నది కట్టఁబడినది. ఇసుకలోఁ గట్టడము నిలుపు విద్యను దేశీయుల కట్టడములనుండియే నేర్చితిమని కాటను దాఁచక యొప్పుకొనెను. ఆ విద్యతో 1836లోఁ గొల్లడముపై నానకట్టలు కట్టెను. ధవళేశ్వరము వాని శిష్యసంతానము.

గోదావరి ధవళేశ్వరమువద్ద లంకలచేఁ జీలియుండుటచే నానకట్ట నాలుగు భాగములుగాఁ గట్టవలసివచ్చెను: ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము. 1847లో నారంభమైన పని 1852లో ముగిసెను. నడుమ ననారోగ్యముచేఁ గాటను సెలవుపై నుండఁగా కెప్టెన్ ఆర్ పనిని సాగించెను. ఈ ఆర్ తరువాత బెజవాడవద్ద కృష్ణపై నానకట్ట నిర్మించి యదే విద్యను రెండవ నదికిఁ గొనిపోయెను. కూలీలను గూర్చుటయందును పనిని నడపుటయందును దోడ్పడిన వీణెం వీరన్న పేరును ఈ పరంపరలోఁ జేర్పవలసినదే. రాళ్లు కొట్టి మోసిన వేలకొలఁది పనివారి పేర్లు మాత్ర మే వంశవృక్షమునను లేవు.

కోనసీమకు నీరు బొబ్బర్లంకనుండి వచ్చును. ఆనకట్టకు దిగువ గౌతమీ వసిష్ఠల మధ్యభూమి యంతయు మధ్యడెల్టా యని పిలువఁబడును. కొత్తపేట, అమలాపురము ప్రాంతములకుఁ గాలువలు తిన్నగాఁ బోఁగలిగినవి. నాఁడు నగరము తాలూకా యన నొప్పిన రాజోలు ప్రాంతమునకు మాత్రము దారి లేదు. వసిష్ఠనుండి చీలిన వైనతేయ యడ్డముగాఁ బాఱుచుండుటచే నగరపులంక నలుదెసల నీరు గలిగియు సాగునీరు లేనిదై యుండెను. చుట్టును సముద్రమును నదీపాయలును ఉండ, పంటచేను ఆకాశము వంకఁ జూచుచుండెను.

ఈ చిక్కును విప్పినవాఁడు కాటను శిష్యుఁడగు లెఫ్టినెంటు హేగ్. గన్నవరమువద్ద వైనతేయమీఁద 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగాఁ గట్టి, వానిపైఁ గాలువను నడపించెను. క్రింద నది, పైనఁ గాలువ. 1851–52 నడుమ నొక్క వేసవికాలపుఁ బనియదనులో, నదికి మఱల వరద రాకమునుపే, ఇది నిలువవలసియుండెను; నిలిచినది. ప్రజలు దీనిని అక్విడక్టు అనియే పిలిచిరి. గురువు నదికి నడ్డుకట్ట కట్టఁగా శిష్యుఁడు నదిమీఁద నదిని నడపెను. రాజోలుసీమ వరిచేలకు హేగ్ పేరే ముందుగాఁ జెప్పవలసియున్నది. ఈ హేగ్ తరువాత దుమ్ముగూడెమువద్ద ఎగువ గోదావరి పనులకుఁ బోయెను.

విద్యావంశమున లోపములు లేవని కాదు. 1860 దశకమునఁ గాటను ప్రోత్సాహముతో నొక ప్రైవేటు కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ వ్యాపారముగా విఫలమై, 1882లోఁ బ్రభుత్వమున కమ్ముడుపోయెను. రైలుదారులకంటె నౌకాయానమునకుఁ దగిన కాలువలే దేశమునకు మేలని కాటను చేసిన వాదమును 1878 నాఁటి పార్లమెంటుసంఘము మెచ్చలేదు. 1861లో 'సర్' బిరుదమును, 1866లో నక్షత్రబిరుదమును బొంది, 1899 జూలై 24న డార్కింగులో నాతఁడు మరణించెను. ఆతని 'సర్' పితృదత్తము గాదు, కొడుకునకు సంక్రమింపదు. బేరొనెట్ల వంశమునఁ బుట్టినవానికి నీ భేదము బాగుగాఁ దెలిసియే యుండును. ఆతని చరిత్రమును కూఁతురగు ఎలిజబెత్, లేడీ హోప్ అను పేర, 1900లోఁ బ్రకటించెను.

భగీరథోపమానము

ఆంధ్రులు కాటనును అపరభగీరథుఁడని కొనియాడుదురు. ఉపమానమున సాధారణధర్మము జలానయనము. భేదమును గూడఁ జూచినచో నుపమేయము స్పష్టమగును. భగీరథుఁడు సగరవంశమునఁ జ్యేష్ఠక్రమాగతుఁడగు రాజు. బూడిదయై పడియున్న తన పితామహులకు సద్గతి కల్గింప గంగను దెచ్చెను. ఆ కార్యము జన్మవంశముపట్లఁ దీర్చిన ఋణము. కాటనునకు ధవళేశ్వరమునఁ దీర్పవలసిన పితృఋణ మేమియు లేదు. ఆతఁడు దెచ్చిన నీరు కంబర్మియరు పొలముల నొక్క సెంటును దడుపలేదు. భూమిలో భాగము లేని పదవకొడుకు పరులభూములకు నీరు పెట్టెను. జీతము పుచ్చుకొనియే చేసినను, కంపెనీ లాభము గోరియే చేయించినను, ఫలము నిలిచినది చేలలో.

ఋణము మాత్రము వేఱొకటి గలదు. కల్లణై కట్టిన యజ్ఞాతశిల్పులనుండి పుచ్చుకొన్న విద్య యది. మన శాస్త్రము దేవ, పితృఋణములతోఁ బాటు ఋషిఋణమును జెప్పుచున్నది. నేర్చినదానిని మఱలఁ బ్రవర్తింపఁజేయుటచేతనే యది తీరును. కావేరిలో నేర్చినదానిని గోదావరిలోఁ జూపి, ఆర్, హేగ్ మొదలగువారికి నప్పగించి కాటను దానిని దీర్చెను. ఆ దృష్టిచే నాతఁడు చోళశిల్పులకు శిష్యుఁడు. గోత్రము చెప్పవలసివచ్చిన నదియే చెప్పవలసియుండును.

రెండు వంశముల తరువాతిస్థితిని జూచిన నీ వివేచనము పూర్తియగును. కంబర్మియరు మఠము 1919లో నన్యులకు విక్రయింపఁబడినది. వైకౌంటు పదవి నేఁటికిని ఉన్నది. భరత్‌పురము పేరు గల యా బిరుదము పెద్దకొడుకునుండి పెద్దకొడుకునకు సంక్రమించుచునే యున్నది. నాలుగువందల యేండ్లకు దగ్గఱగా నేలినను, జ్యేష్ఠాధికారము పేరును నిలుపఁగలిగినది కాని పొలమును నిలుపఁజాలలేదు. ఇటు ధవళేశ్వరమున పాత యానకట్ట జీర్ణింపఁగాఁ గొత్త బ్యారేజి నిర్మింపఁబడి, 1982లో సర్ ఆర్థర్ కాటను పేరు దానికిఁ బెట్టఁబడినది. గన్నవరమువద్ద నిర్మించిన క్రొత్త అక్విడక్టునకు, వచ్చినవారి కెల్లఁ గాలనియమము లేక యన్నము పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరు పెట్టిరి. ఆమెయు లంకల గన్నవరపు గృహిణి. నీరు దెచ్చిన కట్టడమునకు నన్నము పెట్టిన చేతిపేరు నిలుచుట యుచితము. పేర్లు మాఱినను, కట్టిన రాళ్లు మాఱినను విద్య మాఱలేదు. బొబ్బర్లంకవద్ద తలుపులెత్తిన ప్రతి సంవత్సరము కొత్తపేటకును అమలాపురమునకును రాజోలునకును నీరు వచ్చుచున్నది.